మంట అంటని ఆర్గన్‌ని ఎందుకు విప్పారు?

ప్రశ్న ఇది: "2019లో పారిస్ నోత్రదామ్ కేథడ్రల్ తగలబడినప్పుడు అక్కడి పెద్ద పైప్ ఆర్గన్‌కి మంట అంటలేదని వార్తల్లో చదివాను. మళ్లీ 2024 డిసెంబరులో దాన్ని మోగించినప్పుడు ఐదేళ్ల పునరుద్ధరణ అన్నారు. మంట తగలనిదానికి దుమ్ము తుడిస్తే సరిపోదా? పైగా లోపల కంప్యూటర్ ఉందట, ఇంకా దాన్ని 1733 నాటి ఆర్గన్ అనడం సబబేనా? హార్మోనియంకి రీడ్లు మార్చినట్టు పాత గొట్టాలు తీసేసి కొత్తవి పెట్టేశారా?"

మాది తెనాలి. నాటకాల ఊరు, చిన్నప్పుడు ఇంటి నిండా హార్మోనియంలే. నాన్నగారు వాటిని విప్పి, రీడ్లు గీకి, శ్రుతి చేసి కంపెనీలకి ఇచ్చేవారు. ఆ పని తెలుసన్న ఒక్క కారణంతో ఇంగ్లండులో పైప్ ఆర్గన్లు బాగుచేసే వర్క్‌షాప్‌లో నాకు చోటు దొరికింది. ఇరవై రెండేళ్లుగా అదే పని. నోత్రదామ్ పనిలో నేను లేను, ఆ మాట ముందే చెప్పాలి. అక్కడ చేసినవాళ్లు ఎలాంటి తలనొప్పులు పడి ఉంటారో మాత్రం నాకు బాగా తెలుసు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మంట అంటలేదు, నిజమే. నీళ్లు కూడా పెద్దగా పడలేదు. అయినా మొత్తం విప్పక తప్పలేదు, అదీ మీరు తుడవమంటున్న ఆ దుమ్ము వల్లే. ఇక 1733 సంగతి. బయటికి కనిపించే చెక్క పెట్టె 1733దే. లోపలున్నది ఒకరు చేసినదాని మీద ఇంకొకరు చేస్తూ వచ్చిన దాదాపు మూడు వందల ఏళ్ల పని.

దుమ్ము ఎందుకంత పెద్ద విషయమో తెలియాలంటే లోపల ఏముందో కొంచెం చూడాలి. హార్మోనియం చూసినవాళ్లకి ఇది కష్టం కాదు. వెనక తిత్తి ఊదితే లోపల గాలి నిండుతుంది. మెట్టు నొక్కితే దాని కింద చిన్న మూత తెరుచుకుంటుంది. గాలి రీడు గుండా పోతుంది, రీడు మోగుతుంది. ఆర్గన్‌లోనూ అదే వరస. చేత్తో ఊదే తిత్తి బదులు కరెంటు ఫ్యాను, దాని తర్వాత కమ్మరి కొలిమి తిత్తిని పదింతలు చేసినట్టుండే తోలు తిత్తులు, అక్కడి నుంచి గాలిపెట్టెలు, ఆ పెట్టెల మీద చిల్లుకొకటి చొప్పున నిలబెట్టిన గొట్టాలు. హార్మోనియంలో మెట్టుకి రెండో మూడో రీడ్లు ఉంటాయి. నోత్రదామ్‌లో చేతులకి ఐదు కీబోర్డులు, కాళ్లకి ఒకటి, 115 స్టాపులు. స్టాప్ అంటే ఒక రకం నాదానికి పెట్టిన గొట్టాల వరస. ఒక్కో వరసలో మెట్టుకో గొట్టం, కొన్ని వరసల్లో మెట్టుకి నాలుగైదు. మొత్తం కలిపితే దాదాపు 8,000 గొట్టాలు. అన్నిటికంటే పొడవైనవి 32 అడుగులవి, అంటే మూడంతస్తుల మేడ ఎత్తు. వాటి అడుగు స్వరం సెకనుకి 16 కంపనాలు. చెవికి వినిపించడం కంటే కూర్చున్న బెంచీకి తెలియడం ఎక్కువ. చిన్నవి పెన్సిల్ కంటే చిన్నవి.

గొట్టాలు రెండు జాతులు. ఎక్కువ భాగం పిల్లనగ్రోవి జాతి. గొట్టం కింద నోరు ఉంటుంది. ఆ నోటి దగ్గర సన్నని చీలికలోంచి గాలి పలకలా బయటికొచ్చి పై పెదవి అంచుకి తగులుతుంది, ఆ తగలడంతో గొట్టంలోని గాలి ఊగుతుంది, స్వరం పుడుతుంది. చాలా గొట్టాల్లో ఆ చీలిక మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. రెండో జాతిని సన్నాయి జాతి అందామనిపిస్తుంది కానీ అది పూర్తిగా సరి కాదు. సన్నాయికి రెండు ఆకులు కొట్టుకుంటాయి. ఇక్కడ ఒకే ఇత్తడి నాలుక, ఒక లోహపు గాడి మీద పడి లేస్తూ ఉంటుంది. ట్రంపెట్ లాంటి గర్జించే స్వరాలన్నీ వీటివే. ఇంత పెద్ద యంత్రం నడిచే గాలి ఒత్తిడి చాలా తక్కువ, మామూలుగా 80 నుంచి 120 మిల్లీమీటర్ల నీటిమట్టం ఉంటుంది. బెలూన్ ఊదడానికి మీరు పెట్టే బలం ఇంతకంటే ఎక్కువ. అంత మెత్తటి గాలి, అంత సన్నని చీలికలోంచి రావాలి. అందులో దుమ్ము పడితే ఏమవుతుందో ఊహించండి.

ఊహించక్కర్లేదు, నేను చూసింది చెబుతాను. ఒక పల్లెటూరి చర్చిలో గోడల సున్నం గీకించి రంగులు వేయించారు. పనివాళ్లు ఆర్గన్ మీద పల్చటి ప్లాస్టిక్ షీటు ఒకటి కప్పి, అంచులకి టేపు వేశామన్నారు. పని అయ్యాక వాయించి చూస్తే ఒక మెట్టు నొక్కి వదిలినా మోగుతూనే ఉంది. ఇంకొకటి నొక్కితే "ఫూ" అని గాలి వస్తోంది తప్ప స్వరం లేదు. పైన ఉన్న సన్న స్వరాలన్నీ జలుబు చేసిన గొంతులా ఉన్నాయి. చర్చి వాళ్లు నన్ను పిలిచి వాక్యూమ్ క్లీనర్ ఇచ్చి "ఒక పూట పని కదా" అన్నారు. ఏడు వారాలు పట్టింది. మోగుతూనే ఉన్న మెట్టుకి కారణం ఏమిటంటే, గాలిపెట్టెలో తోలు అతికించిన మూతకీ చట్రానికీ మధ్య ఇసుకరేణువంత సున్నం బెడ్డ. అంతే. దాన్ని తీయాలంటే పెట్టె తెరవాలి. పెట్టె తెరవాలంటే దాని మీది గొట్టాలన్నీ దింపాలి. గొట్టాలు దింపాక మళ్లీ పెడితే ప్రతిదాన్నీ మళ్లీ శ్రుతి చేయాలి. తుడవడం అంటే ఇదండీ. ఆ ఆర్గన్‌లో ఉన్నవి ఆరు వందల గొట్టాలు.

నోత్రదామ్‌లో పడింది సున్నం కాదు, సీసం.

2019 ఏప్రిల్ 15 సాయంత్రం పైకప్పు ఓక్ దూలాలు అంటుకున్నాయి. దూలాల మీద కప్పిన సీసపు రేకులు 400 టన్నులకు పైనే. అవి కరిగి, కొంత పొగలో కలిసి, సన్నటి ధూళిగా కేథడ్రల్ అంతా పరుచుకున్నాయి. శిఖరం కూలి కప్పులో పెద్ద పెద్ద కంతలు పడ్డాయి. ఆర్గన్ ఉన్నది పడమటి కొసన, రెండు బురుజుల మధ్య, గుండ్రటి పెద్ద రంగుటద్దాల కిటికీ కింద ఎత్తైన అరుగు మీద. దాని నెత్తిమీది రాతి కప్పు నిలిచింది. ఉత్తరపు బురుజులోకి మంటలు ఎక్కుతుంటే అగ్నిమాపక సిబ్బంది లోపలికి వెళ్లి ఆపారు. ఆ బురుజు పోయి ఉంటే గంటలతో పాటు కిందికి వచ్చేది, ఆర్గన్ గురించి మాట్లాడుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. గాయకబృందం దగ్గరున్న చిన్న ఆర్గన్ ఇంత అదృష్టం చేసుకోలేదు, అది నీళ్లలో నానిపోయింది.

ఇక్కడో తమాషా. ఆర్గన్ లోహపు గొట్టాలు చేసేదే తగరం, సీసం కలిపిన మిశ్రమంతో. జీవితమంతా సీసం పట్టుకుని బతికేవాళ్లం మేం. కానీ గట్టి సీసం వేరు, గాలిలో తేలే సీసపు ధూళి వేరు. ముక్కులోంచి పోయేది ఆ రెండోదే. అందుకని ఆ ఆర్గన్ దగ్గరికి వెళ్లే ప్రతి మనిషీ ఒంటి మీది బట్టలు మార్చి, రక్షణ సూట్లు, మాస్కులు వేసుకుని, బయటికొచ్చేటప్పుడు స్నానం చేయాల్సి వచ్చింది. చెవితో చేసే పనిని ఆ వేషంలో చేయడం ఎలా ఉంటుందో నాకు తలుచుకుంటేనే ఊపిరాడదు.

పైగా వెంటనే మొదలుపెట్టే వీలూ లేదు. శిఖరం మరమ్మతు కోసం అగ్నిప్రమాదానికి ముందే కట్టిన ఇనుప పరంజా వేడికి వంగి, గొట్టాలు ఒకదానికొకటి అతుక్కుని, మొత్తం కట్టడం నెత్తిన వేలాడుతూ ఉంది. దాన్ని కోసి దింపడం 2020 నవంబరుకి గానీ పూర్తి కాలేదు. మధ్యలో కోవిడ్. ఈ లోపల ఆర్గన్, కంతలు పడ్డ కప్పు కింద, ఎండకీ చలికీ అలాగే ఉంది. 2019 జులై 25న పారిస్‌లో 42.6 డిగ్రీలు నమోదైంది, ఆ నగర చరిత్రలోనే రికార్డు. మనకి రెంటచింతలలో అది మామూలు మే నెల ఎండ. కానీ రాతి గోడల మధ్య చల్లగా ఉండటానికి అలవాటుపడ్డ చెక్కకీ, తోలుకీ, జిగురుకీ అది మామూలు కాదు. చెక్క ఉబ్బి తగ్గితే గాలిపెట్టెలు పగుళ్లిస్తాయి, గాలి కారుతుంది. తోలు ఎండితే మూతలు సరిగ్గా మూసుకోవు. మంట చేయని నష్టం కొంత ఆ తర్వాతి నెలలు చేశాయి.

విప్పడం 2020 ఆగస్టు 3న మొదలై డిసెంబరులో ముగిసింది. మొదట దింపింది వాయించేవాడు కూర్చునే కన్సోల్. తర్వాత వేల గొట్టాలు, గాలిపెట్టెలు. కదలనివి చెక్క పెట్టె, మరీ పెద్ద గొట్టాలు కొన్ని మాత్రమే. ఫ్రాన్స్‌లో 1905 చట్టం ప్రకారం కేథడ్రళ్లు ప్రభుత్వానివి కాబట్టి, ఆ తర్వాత టెండర్ల తతంగం. పని మూడు వర్క్‌షాపులు కలిసి తీసుకున్నాయి. వోక్లూజ్ జిల్లాలో పాస్కల్ కువారాన్ వర్క్‌షాప్, కొరెజ్‌లో బెర్ట్రాండ్ కత్యో నెలకొల్పిన వర్క్‌షాప్, లొదేవ్ ఊళ్లో ఉన్న లాంగ్‌దాక్ ఆర్గన్ల కార్ఖానా. మూడూ పారిస్‌కి వందల కిలోమీటర్ల దూరాన, దక్షిణాన ఉన్నాయి. ఒకరికొకరు పోటీదారులు కూడా. మన దగ్గర ముగ్గురు కాంట్రాక్టర్లు ఒక ఇంటిని కలిసి కట్టడం ఎప్పుడైనా చూశారా? ఇక్కడ కుదిరింది. మొదటి రెండు వర్క్‌షాపులూ అగ్నిప్రమాదానికి ముందు కూడా ఈ ఆర్గన్ మీద పనిచేశాయి కాబట్టి దాని లోపలి సంగతులు వాళ్లకి ముందే తెలుసు.

వర్క్‌షాపుల్లో జరిగింది వినడానికి చప్పగా ఉంటుంది. గొట్టం తీయడం, కడగడం, ఆరబెట్టడం, వంకరలు చూడడం, వరసలో పెట్టడం. ఇలా దాదాపు 8,000 సార్లు. గాలిపెట్టెలు విప్పి, మూతల మీద అరిగిన తోలు పీకి, కొత్త గొర్రెతోలు అతికించడం. ఆర్గన్ తోలు వయసు మామూలుగా నలభై యాభై ఏళ్లు, ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సిందే. మెట్టు నుంచి గాలిపెట్టెకి సంకేతం తీసుకెళ్లే విద్యుత్ సరంజామా మొత్తం కొత్తది వేశారు. నాదం విషయంలో మాత్రం మొదట్లోనే ఒక నిర్ణయం తీసుకున్నారు: అగ్నిప్రమాదానికి ముందు ఎలా ఉందో అలాగే ఉండాలి. కొత్త స్టాప్ చేర్చొద్దు, ఉన్నది తీయొద్దు.

ఈ నిర్ణయం వింటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. నాకు మాత్రం ఇది పెద్ద విషయం. ఎందుకంటే ఈ ఆర్గన్ చరిత్రలో దాని మీద చెయ్యేసిన ప్రతివాడూ ఏదో ఒకటి మార్చాడు. ఇప్పుడు మీ 1733 ప్రశ్నకి వస్తున్నాను.

ఆ అరుగు మీద పెద్ద ఆర్గన్ ఉండటం 1403 నుంచి మొదలు. షాంబాంట్జ్ అనే ఆయన కట్టాడు. తర్వాత మూడు శతాబ్దాలు దాన్నే అతుకులేస్తూ నెట్టుకొచ్చారు. 1730 నుంచి 1733 వరకు ఫ్రాన్స్వా తియెరీ దాదాపు కొత్తదే కట్టాడు, ఐదు కీబోర్డులతో. ఇప్పుడు మీరు ఫొటోల్లో చూసే చెక్క పెట్టె ఆ నాటిదే. 1780లలో ఫ్రాన్స్వా-హెన్రీ క్లికో దాన్ని పెంచి, బలమైన ట్రంపెట్ వరసలు పెట్టాడు. 1788లో అది పూర్తయింది, మరుసటి ఏడాదే విప్లవం. కేథడ్రల్‌ని బుద్ధి దేవాలయం అన్నారు, రాజుల విగ్రహాల తలలు తీశారు, ఆర్గన్ పెట్టె మీది రాజచిహ్నాలు ఉలితో తీసేశారు. ఆర్గన్‌ని మాత్రం ముక్కలు చేసి అమ్మలేదు. విప్లవ సభల్లో పాటలకి అదీ పనికొచ్చింది.

తర్వాత అసలు మనిషి వస్తాడు, అరిస్తిద్ కవాయే-కోల్. 1811లో మోంపెలియేలో ఆర్గన్లు కట్టే కుటుంబంలో పుట్టాడు. మా వృత్తిలో ఈ పేరు వింటే పెద్దవాళ్లు కూడా కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. 1860లలో వియొలే-ల్-దుక్ అనే వాస్తుశిల్పి కేథడ్రల్‌ని బాగుచేస్తున్నప్పుడు ఆర్గన్ పని ఈయనకి అప్పజెప్పారు. పాత గొట్టాల్లో పనికొచ్చేవాటిని అట్టేపెట్టి, 86 స్టాపులతో కొత్త ఆర్గన్ కట్టి 1868 మార్చి 6న ఆరంభోత్సవం చేశాడు. ఆ రోజు వాయించినవాళ్లలో సెజార్ ఫ్రాంక్, సాన్-సాన్స్, విడోర్ లాంటి పేరున్న స్వరకర్తలు ఉన్నారు.

ఈయన చేసిన పని ఒక్కటి చెబితే గొప్పతనం తెలుస్తుంది. ఆర్గన్ పెద్దదయ్యే కొద్దీ మెట్టు బరువెక్కుతుంది. ఒక మెట్టు కింద పది మూతలు గాలి ఒత్తిడికి ఎదురు తెరుచుకోవాలి కదా. కీబోర్డులు కలిపి వాయిస్తే వేళ్లు విరిగినంత పని. ఛార్లెస్ బార్కర్ అనే ఇంగ్లీషాయన దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. మెట్టు నొక్కితే ఒక బుల్లి తిత్తిలోకి గాలి వెళుతుంది, ఆ తిత్తి ఉబ్బి బరువైన తీగని లాగుతుంది. అంటే ఆర్గన్ గాలే వాయించేవాడికి కూలీ పని చేస్తుంది. స్వదేశంలో ఎవరూ పెద్దగా పట్టించుకోకపోతే కవాయే-కోల్ దాన్ని తీసుకుని 1841లో పారిస్ పక్కనున్న సాన్-దెనీ చర్చి ఆర్గన్‌లో పెట్టాడు. ఆ తర్వాతే ఆర్గన్ ఒక ఆర్కెస్ట్రా అంత పెద్దదవడం సాధ్యమైంది. ఇంకో ముచ్చట, మన నాటకాల హార్మోనియం కూడా ఆ రోజుల్లో ఆ పారిస్‌లోనే పేటెంటు పొందింది, 1842లో, అలెగ్జాండర్ దెబేన్ పేర. నాన్నగారు బతికుండగా ఈ సంగతి నాకు తెలిసి ఉంటే ఆయన నమ్మేవారు కాదు.

1868 ఆర్గన్ అలాగే ఉందా అంటే లేదు. 1900 నుంచి 1937 వరకు అక్కడి ఆర్గనిస్టు లూయీ వియేర్న్. పుట్టుకతోనే చూపు దాదాపు లేనివాడు. గాలి నింపడానికి తిత్తులు తొక్కే మనుషుల మీద ఆధారపడి ఆయన ఏళ్ల తరబడి వాయించాడు. కరెంటు ఫ్యాను వచ్చింది 1924లో. ఆర్గన్ బాగుచేయించడానికి డబ్బు కోసం 1927లో అమెరికా వెళ్లి కచేరీలు చేశాడు. 1937 జూన్ 2న తన 1,750వ కచేరీలో, అదే కన్సోల్ దగ్గర, కూలిపోయి చనిపోయాడు.

1955 నుంచి 1984 దాకా పియేర్ కోష్రో. అప్పటికప్పుడు కల్పన చేసి వాయించడంలో ఆయనకి ఎదురు లేదు, మన విద్వాంసుల మనోధర్మం లాంటిదే అనుకోండి. ఆయన చేతికి 1868 నాటి కన్సోల్ చాల్లేదు. 1960లలో బార్కర్ యంత్రాలు తీసేసి విద్యుత్ పద్ధతి పెట్టించాడు, కొత్త కన్సోల్ వేయించాడు, పదునైన పై స్వరాల వరసలు, ముందుకి అడ్డంగా పొడుచుకొచ్చే ట్రంపెట్లు చేర్పించాడు. ఇప్పటికీ ఈ మాట ఎత్తితే మావాళ్లలో రెండు జట్లు తయారవుతాయి. కవాయే-కోల్ పనిని పాడుచేశాడని ఒక జట్టు. నేను రెండో జట్టు. ఆ యంత్రాలు పోవడం నష్టమే, కాదనను. కానీ ఆయన చేర్చినవాటితో ఆయన చేసిన సంగీతం రికార్డుల్లో ఉంది, విన్నవాడెవడూ వాటిని పీకెయ్యమనలేడు.

1992లో ఇంకో పెద్ద పునరుద్ధరణ. అప్పుడే కంప్యూటర్ వచ్చింది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ కంప్యూటర్ శబ్దం చేయదు. ఏ మెట్టు నొక్కారు, ఏ స్టాపులు తీసి ఉన్నాయి అని చూసి, ఏ మూత తెరవాలో చెబుతుంది, అంతే. పూర్వం చెక్క కడ్డీలూ తీగలూ చేసిన పని అది. శబ్దం మాత్రం గాలి, గొట్టం. స్పీకర్ ఎక్కడా లేదు. ఎలక్ట్రానిక్ కీబోర్డుకీ దీనికీ పోలికే లేదు. ఆ తర్వాత 2014కి పూర్తయిన పనిలో కన్సోల్, కంప్యూటర్ మళ్లీ కొత్తవి వేసి, గొట్టాలన్నీ శుభ్రం చేశారు. అది చేసిన ఐదేళ్లకే సీసపు ధూళి పడింది. చేసినవాళ్ల కడుపుమంట నేను అర్థం చేసుకోగలను.

కాబట్టి మీరు "ఏ నాటి ఆర్గన్" అని అడిగితే, 1733 పెట్టెలో 18వ శతాబ్దపు గొట్టాలు, 1868 గొట్టాలు, కోష్రో నాటివి, ఆ తర్వాతివి పక్కపక్కనే ఉన్నాయి. 1733 నాటికి తీసుకెళ్లాలంటే మిగతావాళ్లనందరినీ చెరపాలి. 1868కి తీసుకెళ్లాలన్నా అంతే. అందుకే "2019 ఏప్రిల్ 14న ఎలా ఉందో అలా" అన్న నిర్ణయం నాకు నచ్చింది. తన పేరు పెట్టుకోవడానికి ఎవరూ ప్రయత్నించలేదు. ఫ్రాన్స్‌లో అంత మంది చూస్తుండగా అంత నిగ్రహం చూపించడం మాటలు కాదు.

2023లో గొట్టాలు తిరిగి రావడం మొదలైంది. ఐదేళ్ల లెక్కలో మిగిలిన ముక్క, నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైనది, 2024లో ఆరు నెలలు నడిచిన స్వర సంస్కారం. శ్రుతి చేయడం వేరు, ఇది వేరు. శ్రుతి అంటే స్వరస్థానం. సంస్కారం అంటే గొట్టం మాట ఎలా ఎత్తుకుంటుంది, ఎంత గట్టిగా పలుకుతుంది, పక్క గొట్టంతో కలుస్తుందా, అరవై మీటర్ల అవతల కూర్చున్నవాడికి ఎలా చేరుతుంది అన్నది. చేసే పద్ధతి చూడటానికి మోటుగా ఉంటుంది. ఒకరు కన్సోల్ దగ్గర కూర్చుని మెట్టు నొక్కి పట్టుకుంటారు. ఇంకొకరు లోపల, గొట్టాల అడవిలో, చిన్న పనిముట్టుతో నోటి చీలికని వెంట్రుకవాసి తెరుస్తారు, మూస్తారు, పెదవిని కొంచెం లోపలికో బయటికో నెడతారు. మళ్లీ మోగించు. మళ్లీ. తర్వాతి గొట్టం. ఇదంతా చాలావరకు రాత్రిళ్లు చేశారు, పగలు కింద రాతి పనివాళ్లు, వడ్రంగుల మోత కాబట్టి.

గొట్టాలు మారలేదు కదా, మళ్లీ సంస్కారం ఎందుకు? చోటు మారింది. ఆర్గన్‌లో సగం వాద్యం ఆ భవనమే. కప్పులో కంతలు ఉన్నప్పుడు లోపలి ప్రతిధ్వని తగ్గిపోయిందని ధ్వని శాస్త్రజ్ఞులు కొలిచారు. 2013లో వేరే పని మీద తీసిన కొలతలు ఉండబట్టి పోల్చడం కుదిరింది. కప్పు మళ్లీ కట్టారు, గోడల మీద శతాబ్దాల మసి తీసి తెల్లటి రాయి బయటపెట్టారు. మొత్తానికి ఆ గది పాతదే అయినా అచ్చంగా పాతది కాదు. చెవితో తేల్చుకోవాల్సిందే.

వేడి ఒకటి. గాలి వేడెక్కితే పిల్లనగ్రోవి జాతి గొట్టాల స్వరం పెరుగుతుంది, సెకనుకి 440 కంపనాల స్వరం దగ్గర డిగ్రీకి ముప్పావు కంపనం చొప్పున. ఇత్తడి నాలుకల జాతి దాదాపు కదలదు. పది డిగ్రీలు తేడా వస్తే రెండు జాతులూ ఒకదానితో ఒకటి పొసగవు, వింటుంటే పళ్లు జివ్వుమంటాయి. మొదటి ఏడాది నేను ఒక చిన్న గొట్టాన్ని అరచేత్తో పట్టుకుని శ్రుతి సరిచేసి, సరిపోయిందని గర్వంగా పెట్టేశాను. మా పెద్దాయన ఏమీ అనకుండా, "వెళ్లి టీ తాగి రా" అన్నారు. వచ్చి మోగిస్తే స్వరం దిగిపోయింది. నా చేతి వేడి అది. 8,000 గొట్టాల మధ్య, ఆరు నెలల పాటు, వసంతం నుంచి శరత్తు దాకా మారే వాతావరణంలో ఆ పని చేసినవాళ్లకి నా నమస్కారం.

2024 డిసెంబరు 7న తలుపులు తెరిచినప్పుడు ఆర్చిబిషప్ లొరాన్ ఉల్రిష్ ఆర్గన్‌ని ఉద్దేశించి మేలుకొమ్మని ఎనిమిది సార్లు పిలిచారు. ప్రతి పిలుపుకీ ఆర్గన్ బదులిచ్చింది. ఒలివియే లాత్రీ, విన్సెంట్ దుబ్వా, తియెరీ ఎస్కైష్, తిబో ఫజోల్, కేథడ్రల్ ఆర్గనిస్టులైన ఈ నలుగురూ వంతులవారీగా అప్పటికప్పుడు కల్పన చేసి వాయించారు. ఆ వీడియో చూసిన మా చుట్టాలబ్బాయి ఒకడు, "బాబాయ్, ఐదేళ్లు బాగుచేసి కూడా అపస్వరాలేంటి?" అని మెసేజ్ పెట్టాడు. అవి వాళ్లు కావాలని వాడిన కటువైన స్వర సమూహాలు. ఫ్రెంచి ఆర్గనిస్టులకి అది అలవాటైన భాష. ఆర్గన్‌ది కాదు తప్పు. మీరు ఆ వీడియో మళ్లీ చూస్తే మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌కి 32 అడుగుల గొట్టం అసలు వినపడదు.

చివరికి రీడ్ల ప్రశ్న. హార్మోనియంలో రీడు పాడైతే తీసి వేరేది వేయడం తేలిక, అది అచ్చులో దిగే సరుకు. ఇక్కడ పాత గొట్టాన్ని వీలైనంత వరకు మార్చరు. నలిగితే లోపల గుండ్రటి చెక్క దుంగ దూర్చి మెల్లగా తట్టి సరిచేస్తారు. అతుకు ఊడితే టంకం పెడతారు. పైకొస శ్రుతి చేసి చేసి చిరిగిపోతే అదే పాళ్లలో తగరం, సీసం కలిపిన చిన్న ముక్క అతుకుతారు. ఇత్తడి నాలుక విరిగితే మాత్రం కొత్తది కోసి, చేత్తో వంపు పెట్టాలి. ఇంకొకటి, కడిగేటప్పుడు మేం గట్టిగా రుద్దము. పాత గొట్టాల మీద చేసినవాడు సూదిమొనతో గీసిన స్వరం పేరు ఉంటుంది. ఆ గొట్టాన్ని తర్వాతి శతాబ్దంలో ఇంకొకడు వేరే వరసలోకి మార్చి ఉంటే దాని పక్కనే ఇంకో గీత, ఒక్కోసారి మూడోది కూడా. ఆ గీతలు చెరిగితే ఆ గొట్టం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేవాళ్లుండరు.